ఎదురుదెబ్బ ఎవరో కొట్టేది కాదు

పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక రాత్రి, తొమ్మిదిన్నర దాటాక, నాయన్ను అనంతపురంలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. కుడికాలి బొటనవేలు నల్లబడి, గోరు కింద చీము పట్టింది. క్యాజువాలిటీలో ఉన్న డాక్టరమ్మకు పాతికేళ్లు కూడా ఉండవు. ముందు బల్ల మీద రిజిస్టరు, పక్కన మీగడ కట్టిన టీ. "ఏమైంది పెద్దాయనా?" అని అడిగింది. "ఎదురుదెబ్బ తగిలిందమ్మా" అన్నాడు నాయన.

రాస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఎవరితో గొడవ?"

"గొడవేందమ్మా?"

"ఎదురుదెబ్బ అంటున్నారు కదా. మీరు కొడితే వాళ్లు తిరిగి కొట్టారా?"

"యావరూ కొట్టలేదమ్మా. రాయి తగిలింది."

"రాయితో కొట్టారా?"

ఆమె నా వైపు తిరిగి, కొట్లాట అయితే ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు, రాయాలి, పోలీసులకు చెప్పాలి, దాచిపెడితే తర్వాత మీకే ఇబ్బంది అని మెల్లగా చెప్పింది. ఆ మాటలో దురుసు లేదు. ఆ అమ్మాయిది ఈ ప్రాంతం కాదు. ఆమె విన్న ఎదురుదెబ్బ పేపర్లలోది, టీవీల్లోది, సినిమాల్లోది. నేను విడమరిచి చెప్పాక "అయ్యో, అదా" అని నొచ్చుకుంది. నాయన కాలును తన ఒళ్లోకి తీసుకున్నంత దగ్గరగా వంగి, వేలు కడిగి, కట్టు కట్టింది. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

కానీ తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాయన ఒక్క మాట మాట్లాడలేదు. సప్తగిరి సర్కిల్ దాటినాక అన్నాడు: "డెబ్బై రెండేండ్లు వచ్చినాయి నాకు. యావని మీదా చెయ్యెత్తినోన్ని కాదు. నన్ను సూస్తే అట్లా కనపడ్తానా?"

ఈ మాటకు నేను ఆ రాత్రి జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పాలని కూర్చున్నాను. ఎందుకంటే తప్పు ఆ డాక్టరమ్మది కాదు, నాయనది అసలే కాదు. ఒక మాటకు దాని సొంత అర్థం పోగొట్టిన మా లాంటి వాళ్లది.

నేను పదకొండేళ్లు పత్రిక డెస్కులో పని చేశాను. రాత్రి ఏజెన్సీ కాపీ వస్తుంది. అందులో 'సెట్‌బ్యాక్' అని ఉంటుంది. దాన్ని చూడగానే చెయ్యి దానంతట అదే 'ఎదురుదెబ్బ' అని కొడుతుంది. ప్రభుత్వానికి ఎదురుదెబ్బ, హైకోర్టులో ఎదురుదెబ్బ, టీమిండియాకు ఎదురుదెబ్బ. ఐదే అక్షరాలు, సింగిల్ కాలమ్‌లో చక్కగా కూర్చుంటుంది. ఎన్ని వందల సార్లు కొట్టానో లెక్క లేదు. ఒక్కసారి కూడా నాకు మా ఊరి దారి గుర్తుకు రాలేదు, కాలి వేలు గుర్తుకు రాలేదు. ఆ మాట నాకు నా ఐదో ఏటి నుంచీ తెలుసు. అయినా రాసేటప్పుడు అది వేరే మాట అన్నట్టే రాశాను.

ఎదురుదెబ్బ అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం చెప్తాను. నడుస్తుంటారు. కాళ్లకు చెప్పులు లేవు. చూపు ఎక్కడో ఉంది. నేలలో పాతుకుపోయిన రాయి కొస ఒకటి, బొటనవేలికి ఎదురుగా తగులుతుంది. ఒక క్షణం ఏమీ ఉండదు. తర్వాత వేలి కొస నుంచి మోకాలి దాకా జివ్వుమంటుంది. పళ్ల మధ్య నుంచి 'స్స్' అని గాలి పీల్చి, ఒంటికాలి మీద నిలబడి చూసుకుంటే, గోరు అంచు లేచి, దాని కింద తోలు తెల్లగా విచ్చుకుని ఉంటుంది. రక్తం వెంటనే రాదు. కాసేపటికి చెమర్చినట్టు వస్తుంది. వచ్చి ఎర్రమట్టిలో కలిస్తే ఏది రక్తమో ఏది మట్టో తెలియదు. అది ఎదురుదెబ్బ. బొటనవేలికే ఎక్కువ. చిటికెన వేలికి తగిలిందేమో ఇంట్లో మంచం కోడు అయ్యుంటుంది.

మాది కళ్యాణదుర్గం వైపు ఊరు. ఈ జిల్లాకు ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఎర్రనేల, పలచని మట్టి. వానొస్తే పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. ప్రతి ఏడూ సేద్యానికి ముందు రాళ్లు ఏరి గెనిమ (చేని గట్టు) మీద పోస్తారు. మడక తోలితే మళ్లీ తేలతాయి. అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు 1928లో నంద్యాల సభలో ఈ దత్తమండలాలకు రాయలసీమ అని పేరు పెట్టారు. మా అవ్వ మాత్రం ఆ పేరును చివరిదాకా 'రాళ్లసీమ' అనే పలికింది. ఆమె పాదాలకు తెలిసింది అదే. ఇళ్లలోకి పోతే తాడిపత్రి బండలు, బేతంచెర్ల బండలు. నేల కుంగి ఒక బండ అంచు అంగుళం లేస్తే చాలు, ఇంటిల్లిపాదికీ వరసగా తగులుతుంది.

ఇంకొకటి. ఇది చెప్పులు లేని కాళ్లు పుట్టించిన మాట. చెప్పులు కొనలేని వాళ్లు ఉన్నారు. కొనుక్కున్నా ఊరి నడిబజారులో వాటిని చేత పట్టుకుని నడవాల్సి వచ్చిన దళితవాడల వాళ్లు ఉన్నారు. ఆ అవమానం ఎన్ని వేళ్లకు ఎదురుదెబ్బలు తెచ్చిందో ఏ రికార్డులోనూ ఉండదు. ఈ మాటను తేలిగ్గా తీసుకోలేకపోవడానికి నాకు అది కూడా ఒక కారణం.

ఇప్పుడు అసలు వాదనకు వస్తాను. నా స్నేహితుడు ఒకాయన తెలుగు లెక్చరర్. ఆసుపత్రి సంగతి చెబితే ఆయన డాక్టరమ్మ పక్షమే తీసుకున్నాడు. "ఎదురు అంటే తిరిగి అనే కదా అర్థం. ఎదురుదాడి, ఎదురు ప్రశ్న, ఎదురుకట్నం. మనం రాయిని తన్నాం, రాయి మనల్ని తిరిగి తన్నింది. కాబట్టి తిరుగు దెబ్బ అన్నదే అసలు అర్థం, కాలివేలు తర్వాత వచ్చింది" అన్నాడు. వినడానికి బాగుంది. నేను ఒప్పుకోను.

ఎదురు అనే మాటలో 'తిరిగి' అనే అర్థం పునాది కాదు. పునాది 'ముఖానికి ముందు'. తమిళంలో ఎదిర్, కన్నడంలో ఎదురు, అన్నీ ఒక్క ఇంటివే. ఎదురుగా ఉన్న ఇల్లు మనకేమీ బదులు చెప్పడం లేదు. ఎదురుచూపులో పగ లేదు. పెళ్లిలో ఎదురుకోలు అంటే మగపెళ్లివాళ్లను ముందుకు పోయి పిలుచుకు రావడం. ఎదురుగాలి మనం ఊదితే తిరిగి ఊదిన గాలి కాదు, మనం పోయే వైపు నుంచి వచ్చేది. మొదటి వానకు వంకలో నీళ్లు పారితే చేపలు ఎదురెక్కుతాయి. ఈ ఎదురే ఎదురుదెబ్బలోనూ ఉంది. మనం ముందుకు పోతున్నాం, అది ముందు నుంచి తగిలింది. అంతవరకే. ఎదురు చెప్పడం, ఎదురు తిరగడం లాంటివి కూడా ముఖాముఖి నిలబడడం నుంచి వచ్చినవే. తమిళులు ప్రతిపక్షాన్ని ఎదిర్‌క్కట్చి అంటారు, ఎదుట కూర్చునే పార్టీ. బదులు తీర్చుకోవడం అనే రంగు ఆ తర్వాత పులుముకున్నది.

దెబ్బ సంగతి చూద్దాం. దెబ్బ అనగానే కొట్టినవాడు ఒకడు ఉండాలని అనుకుంటాం. ఉండనక్కర్లేదు. మా జిల్లాలో మే నెలలో మనుషులు వడదెబ్బ తగిలి చచ్చిపోతారు. వడదెబ్బ అని చెబితే ఎవరు కొట్టారని ఏ ఆసుపత్రిలోనూ అడగరు. ఎండదెబ్బకు ఎండ మీద కేసు పెట్టరు. పంట దెబ్బతింది అంటే ఎవరో వచ్చి కర్రతో బాదారని కాదు. కానీ అదే మాటను బహువచనంలోకి తెచ్చి 'దెబ్బలు తిన్నాడు' అనండి, వెంటనే కొట్టినవాడు వచ్చి నిలబడతాడు. ఒక్క 'లు' చేరితే ఇంత తేడా వస్తుంది. ఈ తేడా పుస్తకం చదివి ఎవరూ నేర్చుకోలేదు, ఐదేళ్ల పిల్లవాడు కూడా తప్పు లేకుండా వాడతాడు.

అన్నిటికంటే నాకు బలంగా కనిపించేది క్రియ. తిరిగి కొట్టడమే అయితే 'ఎదురుదెబ్బ కొట్టాడు', 'ఎదురుదెబ్బ తీశాడు' అంటాం. అందులో చేసినవాడు ఉంటాడు. కాలికైతే 'తగిలింది' అంటాం. నాకు తగిలింది. కర్త నేను కాను, పగవాడూ లేడు. ఇప్పుడు పేపరు తెరిచి చూడండి. కోర్టులో ప్రభుత్వానికి ఎదురుదెబ్బ 'తగిలింది' అనే ఉంటుంది. ప్రభుత్వం ముందెవరినీ కొట్టలేదు, కోర్టు తిరిగి కొట్టలేదు. తన దారిన తాను పోతుంటే తీర్పు అడ్డంగా తగిలింది. అంటే రాజకీయాల ఎదురుదెబ్బ కూడా పుట్టింది కాలివేలి నుంచే. కొట్లాట నుంచి కాదు. తగిలింది అనే ఆ ఒక్క క్రియలో పుట్టుమచ్చలాగా పాత గుర్తు మిగిలిపోయింది. నా స్నేహితుడు ఇక్కడికి వచ్చేసరికి కాసేపు మాట్లాడలేదు. ఒప్పుకున్నాడని నేను అనను, కానీ మళ్లీ ఎదురుకట్నం ఎత్తలేదు.

కన్నడం పక్కనే ఉంది కాబట్టి ఒక పోలిక. రాయదుర్గం, మడకశిర వైపు ఇళ్లలో రెండు భాషలూ ఉంటాయి. కాలు రాయికి తగిలి తూలితే కన్నడంలో 'ఎడవు' అనే క్రియ వాడతారు. ఎడవి బిద్ద, అంటే తట్టుకుని పడ్డాడు. అక్కడ తడబడింది మనిషి. తెలుగులో కూడా తట్టుకోవడం ఉంది, కానీ దెబ్బ తగిలిన వేలిని చూపించి చెప్పేటప్పుడు మనం తడబాటు ఎత్తం. రాయి ఎదురొచ్చింది అన్నట్టు చెప్తాం. తప్పు నడిచినవాడి మీద వెయ్యని ఈ మర్యాద నాకు చాలా ఇష్టం.

పిల్లలు పడితే మా వైపు ఏం చేస్తారో చూడండి. అవ్వ పరిగెత్తుకొచ్చి ముందు రాయిని రెండు పీకేది. "ఇదేనా నిన్ను కొట్టింది? కొట్టినా సూడు, ఊర్కో." అప్పటికీ ఏడుపు ఆగకపోతే, "అయ్యో, నువ్వు పడితే చీమ సచ్చిపాయె, సూడు" అని నేల మీద చూపించేది. పిల్లవాడు ఏడుపు ఆపి చీమ కోసం వెతుకుతాడు. మొదటిది రాయికి శిక్ష. రెండోది ఇంకా లోతైనది. నీకు తగిలింది సరే, నీ వల్ల ఇంకొకరికి ఏం తగిలిందో చూడు అని చెప్పడం. మా అవ్వకు అక్షరం రాదు. నాకు ఇప్పటికీ ఆమెకంటే బాగా ఓదార్చడం రాదు.

శకునం గురించి కూడా ఒక మాట. పనికి బయల్దేరినప్పుడు గడపలో ఎదురుదెబ్బ తగిలితే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి పొమ్మంటారు. ఇందులో నాకు అభ్యంతరం లేదు. వేలు చిట్లిన మనిషి ఒక నిమిషం కూర్చోవడం మంచిదే. అదే 'ఎదురు' అనే మాటతో మొగుడు పోయిన ఆడమనిషిని ఎదురు రావద్దని ఇంట్లో కూర్చోబెట్టిన సంగతి మాత్రం నేను చూశాను, మా మేనత్తను అట్లా చూశాను. రాయి ఎదురొస్తే నీళ్లు తాగి పోతారు. మనిషి ఎదురొస్తే వెనక్కి తిరిగి పోతారు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

సీమ గురించి బయట ఉన్న బొమ్మ కూడా ఈ వ్యవహారంలో ఉంది. తొంభైల చివర నుంచి సినిమాలు మాకు ఒకే ముఖం ఇచ్చాయి. సుమోలు, కత్తులు, బాంబులు. ఫ్యాక్షన్ లేదని నేను అనడం లేదు. ఉండింది, దానివల్ల కుటుంబాలు నాశనమయ్యాయి. కానీ ఇక్కడి మనిషి ఒంటి మీద ఉన్న దెబ్బలు లెక్కపెడితే నూటికి తొంభై తొమ్మిది సేద్యంలో తగిలినవే. సెనక్కాయ పీకేటప్పుడు వేళ్లకు పడిన పగుళ్లు, కొడవలి జారి తెగిన చూపుడువేలు, కాడి కింద నలిగిన చెయ్యి, తుమ్మముల్లు. నాయన ఒళ్లంతా అట్లాంటి గుర్తులే. ఎదురుదెబ్బ అని ఆయన చెప్పగానే 'ఎవరితో గొడవ' అని వచ్చిందంటే, ఆ మాట ఒక్కటే కాదు, మా ఊరి పేరు, మా యాస కూడా ఆ ప్రశ్నను కొంత పుట్టించి ఉంటాయి. నాయనకు కష్టం కలిగింది అక్కడే.

గాయం అని చెప్పి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. ఆసుపత్రిలో అందరికీ తెలిసిన మర్యాదైన మాట అది. అయితే దాని పుట్టుక చూడండి. సంస్కృతంలో ఘాతం, అది ప్రాకృతంలో ఘాయ అయి, మన దగ్గర గాయం అయింది. ఘాతం వచ్చింది 'హన్' అనే ధాతువు నుంచి. హన్ అంటే కొట్టడం, చంపడం. హత్య, హంతకుడు, ఘాతుకం అన్నీ అక్కడివే. అంటే మనం శుభ్రమైన మాట అనుకునే గాయం వెనక చంపేవాడు నిలబడి ఉన్నాడు. కొట్లాట మాట అని అనుమానపడిన ఎదురుదెబ్బ వెనక ఉన్నది ఒక రాయి, ఒక కాలు.

పుండు వేరే. అది మన సొంత మాట. తమిళంలో పుణ్, కన్నడంలో హుణ్ణు. మన పకారం కన్నడంలో హకారం అవుతుంది కదా, పాలు హాలు అయినట్టు, పండు హణ్ణు అయినట్టు, అట్లా. ఈ మూడు మాటల్నీ పక్కపక్కన పెడితే తెలుగువాడు కాలాన్ని ఎట్లా చూశాడో కనిపిస్తుంది. దెబ్బ తగులుతుంది. గాయం అవుతుంది. పుండు పడుతుంది. తగలడం ఒక క్షణం, అవడం కాసేపు, పడడం ఇక కొన్నాళ్లు మనతోనే ఉండేది. చివరికి మానుతుంది. 'మాను' అంటే ఆగిపోవడం కూడా. తాగుడు మానేశాడు, పుండు మానింది, రెండిటికీ ఒకే మాట. నయమవడం అంటే కొత్తగా ఏదో రావడం కాదు, బాధపెట్టేది ఆగడం.

నాయన విషయంలో ఇదే ఆగలేదు.

ఆయనకు పద్నాలుగేళ్లుగా షుగర్. ఎదురుదెబ్బ తగిలిన రోజు ఆయనకు తగిలినట్టు తెలియలేదు. మా అమ్మ పొద్దున బండల మీద వరసగా రక్తం మచ్చలు చూసింది. గుడ్డతో తుడుచుకుంటూ పోతే అవి మంచం దగ్గర ఆగాయి. "యాడ తగిలింది?" అంటే ఆయన కాలెత్తి చూసుకున్నాడు. అప్పుడు తెలిసింది. కొట్టం దగ్గర గాటిపాటు రాయి తగిలుంటుందని ఆయన లెక్క వేసుకున్నాడు. అంటే ఆసుపత్రిలో ఆయన చెప్పిన ఎదురుదెబ్బ ఆయన అనుభవించింది కాదు, ఊహించింది. షుగర్ ఎక్కువ కాలం అదుపులో లేకపోతే పాదాల్లో నరాలు దెబ్బతింటాయి, స్పర్శ పోతుంది. రక్తం కూడా సరిగా అందదు కాబట్టి చిన్న గాయం కూడా తొందరగా మానదు. జివ్వుమనడం అనేదే లేకపోతే మనిషి చూసుకోడు. చూసుకోకపోతే మట్టి పడుతుంది, చీము పడుతుంది, వేలు దాటి పాదానికి పోతుంది. నాయన మొదటి నాలుగు రోజులూ పసుపు, కొబ్బరినూనె పెట్టి గుడ్డ చుట్టుకున్నాడు. ఏ డాక్టరుకూ చూపించలేదు.

చిన్నప్పుడు మేమూ అట్లాగే చేశాం. పసుపు, సున్నం, కాఫీపొడి. చేను గట్టున దొరికే గడ్డిచామంతి ఆకు నలిపి ఆ పసరు పిండేవాళ్లం, భగ్గున మండేది. ఈ మొక్క మన నేలది కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయింది. కానీ మా ఊళ్లో దాన్ని గాయాకు అని సొంత పేరుతోనే పిలిచేవాళ్లం. ఏమీ దొరక్కపోతే మట్టి చల్లుకున్న రోజులూ ఉన్నాయి, పేడ రాసిన ఇళ్లూ ఉన్నాయి. మట్టిలో, పేడలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. ఆ అలవాట్లను నేను సమర్థించను. పాత మాటల్ని కాపాడుకోవాలని చెప్పినంత గట్టిగా ఇదీ చెప్తాను: షుగర్ ఉన్న వాళ్ల కాలికి ఎదురుదెబ్బ తగిలితే పసుపు పెట్టి కూర్చోవద్దు, సబ్బుతో కడిగి అదే రోజు చూపించండి. రోజూ రాత్రి పడుకునే ముందు వాళ్ల పాదాలు, వేళ్ల సందులు ఇంట్లో ఎవరో ఒకరు చూడాలి. వాళ్లు ఇంట్లో కూడా ఉత్తకాళ్లతో తిరగకూడదు.

నాయన వేలు మిగిలింది. రెండున్నర నెలలు పట్టింది. గోరు మళ్లీ రాలేదు. ఇప్పుడు ఎంసీఆర్ చెప్పులు వేసుకుని తిరుగుతున్నాడు, మెత్తగా, వెడల్పుగా ఉండేవి. వాటిని విడిచి మడిలో కాలు పెట్టబోతే మా అమ్మ ఊరుకోదు.

ఆ రెండున్నర నెలల్లో నేను వారానికి రెండుసార్లు ఊరికి పోయి కట్టు మార్చేవాణ్ని. అప్పుడే నాకు ఇంకో సంగతి అర్థమైంది. ఒంటికి తగిలే చిన్న చిన్న వాటికి మా ఇంట్లో ఉన్నన్ని మాటలు నేను పదకొండేళ్లలో ఒక్క వార్తలోనూ వాడలేదు. వార్తలో రెండే ఉంటాయి, స్వల్ప గాయాలు, తీవ్ర గాయాలు. బస్సు బోల్తా పడితే పన్నెండు మందికి స్వల్ప గాయాలు. ఆ పన్నెండు మందిలో ఒకరికి మోకాలు దోక్కుపోయి ఉంటుంది, ఒకరికి నుదురు బొప్పి కట్టి ఉంటుంది, ఒకరి మణికట్టు బెణికి ఉంటుంది, ఒకరికి సీటు కమ్మీ తగిలి వీపు కమిలి ఉంటుంది. కందిపోవడం వేరు, కమిలిపోవడం వేరు. గీరుకోవడం వేరు, చీరుకోవడం వేరు. వేలు తెగితే కొడవలి, నలిగితే తలుపు. మాట వినగానే ఏది తగిలిందో, ఎట్లా తగిలిందో, ఎన్ని రోజులు పనికి పోలేడో మా ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. వాటన్నిటినీ స్వల్పం అనే ఒక్క మాట కింద మేం పూడ్చిపెట్టాం.

సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. అక్కడే ఇల్లు కొని, పండితుల్ని పెట్టుకుని, పుస్తకాల మాటలతో పాటు జనం నోటి మాటల్ని కూడా ఏరుకున్నాడు. ఆయన తెలుగు నిఘంటువు 1852లో అచ్చయింది. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు కడపలో ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. నేను రెండుసార్లు పోయి కూర్చున్నాను. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం ఊరూరా సేకరింపజేసిన వ్యవసాయ పదాలు 1962లో పుస్తకంగా వచ్చాయి. మడకకు, గుంటకకు, కాడికి ఏ జిల్లాలో ఏమంటారో అందులో ఉంటుంది. పనిముట్లకు జరిగిన ఆ మర్యాద పనిముట్టు తగిలిన చేతికీ జరగాలని నా కోరిక. చెప్పులోని రాయినీ కాలి ముల్లునూ ఇంటిలోని పోరు పక్కన కూర్చోబెట్టిన వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలో ఉంది. చిన్న నొప్పిని చిన్నదని తీసిపారెయ్యకూడదన్నది ఈ నేల మీద కొత్తగా ఎవరూ చెప్పాల్సింది కాదు.

డెస్కులో ఉన్న నా పాత మిత్రులకు నేను అడిగేది ఒకటే. 'సెట్‌బ్యాక్' వచ్చినప్పుడల్లా ఎదురుదెబ్బ కొట్టకండి. భంగపాటు ఉంది, చుక్కెదురు ఉంది, వెనకడుగు ఉంది. సందర్భాన్ని బట్టి వాడుకోవచ్చు. ఎదురుదెబ్బ వాడితే మనిషి ముందుకు పోతున్నప్పుడు తగిలిన దానికే వాడండి. పదో తరగతి పిల్లలకు పాఠం చెప్పేవాళ్లు, ఈ మాట వచ్చినప్పుడు ఒకసారి కాలివేలు చూపించి చెప్పండి. ఆ పిల్లల్లోనే రేపు డాక్టర్లయ్యేవాళ్లు ఉన్నారు.

నేను మాటలు రాసుకోవడం మొదలుపెట్టాను. కట్టు మార్చే రోజుల్లో గోడకున్న క్యాలెండరు పాత కాగితాల వెనక రాశాను. నలభై దాటాయి. కొన్నిటి దగ్గర ఆగిపోతాను, అప్పుడు నాయన్నే అడుగుతాను. మొన్న ఆదివారం అడిగాను: "ముల్లు గుచ్చుకుంది అంటాం, ముల్లు ఇరిగింది అంటాం. రెండూ ఒకటేనా నాయనా?"

ఆయన అరుగు మీద కూర్చుని, చెప్పు విడిచి, కుడికాలు ఎడమ మోకాలి మీద వేసుకుని, గోరు లేని వేలిని చేతి బొటనవేలితో నిమురుకుంటున్నాడు.

"ఒకటెట్లా అయితాది? గుచ్చుకుండేది పీకితే వచ్చేస్తాది" అన్నాడు. "ఇరిగింది లోపలే ఉంటాది."